ఆఫ్రికానా స్టడీస్‌లో ఉపన్యాసం, సినిమా, కచేరీ: ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది నల్గొండ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పడమటి వైపు పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. క్యాంపస్ జాబ్ కింద ఆఫ్రికానా స్టడీస్ (ఆఫ్రికా ప్రజలు, ప్రపంచమంతా ఉన్న వాళ్ళ సంతతి గురించిన చదువు) విభాగంలో ఈవెంట్స్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు. వచ్చే విద్యా సంవత్సరానికి ఒక బహిరంగ ఉపన్యాసం, ఒక సినిమా, ఒక కచేరీ సూచించి, ఏర్పాట్లు కూడా చూడమన్నారు. ‘ఏడు తరాలు’ (అలెక్స్ హేలీ ‘రూట్స్’కి తెలుగు) చదివాను, అంతకుమించి ఈ సబ్జెక్టు తెలీదు. మూడూ ఫిబ్రవరిలో, బ్లాక్ హిస్టరీ మంత్‌లో పెట్టేస్తే సరిపోతుందా? ఊళ్ళోవాళ్ళు వస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందు ఫిబ్రవరి సంగతి తేల్చేద్దాం. వద్దు. కార్టర్ జి. వుడ్సన్ అనే చరిత్రకారుడు 1926లో ఫిబ్రవరి రెండో వారాన్ని నల్లజాతి చరిత్ర వారంగా మొదలుపెట్టాడు. అబ్రహం లింకన్, బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ల పుట్టినరోజులు జనం అప్పటికే ఆ వారంలో జరుపుకుంటున్నారు కాబట్టి అది ఎంచుకున్నాడు. 1976లో వారం కాస్తా నెల అయింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ నెలలో దేశంలోని ప్రతి కాలేజీ, ప్రతి లైబ్రరీ, ప్రతి కంపెనీ వక్త కోసం వెతుకుతుంది. పేరున్నవాళ్ళు దొరకరు, దొరికినా ఎక్కువ అడుగుతారు. పైగా మీరున్న చోట ఫిబ్రవరి అంటే మంచు. విమానం రద్దయితే హాలూ పోస్టర్లూ భోజనాలూ అన్నీ వృథా. ఊళ్ళోని పెద్దవాళ్ళు ఆ చలిలో రాత్రి ఏడింటికి కారు బయటికి తీయరు. ఉపన్యాసం అక్టోబర్‌లో, సినిమా నవంబర్ మొదట్లో, కచేరీ ఏప్రిల్‌లో పెట్టండి. ఫిబ్రవరిలో విద్యార్థి సంఘాలు ఎలాగూ వాళ్ళ కార్యక్రమాలు వాళ్ళు చేసుకుంటాయి. వాళ్ళకి హాలు ఇప్పించి, చేతనైతే కొంత డబ్బు సర్ది, పక్కన నిలబడండి.

నేను ఈశాన్య రాష్ట్రాల కాలేజీల్లో ఈ పని చాలా ఏళ్ళు చేశాను. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు నాది. హాలు బుక్ చేయడం, కాంట్రాక్టులు పంపడం, వక్తని స్టేషన్ నుంచి తీసుకురావడం, చివర్లో కుర్చీలు మడవడం. అందుకే నేను చెప్పేది ఎక్కువగా ఆ వైపు నుంచే ఉంటుంది. కానీ కుర్చీల సంగతి మాట్లాడే ముందు, ఈ విభాగం పుట్టుక గురించి కొంత తెలిసి ఉండాలి. అది తెలియకపోతే ఊళ్ళోవాళ్ళు వస్తారా అన్న మీ ప్రశ్న పబ్లిసిటీ సమస్యలా కనిపిస్తుంది. నిజానికి ఊళ్ళోవాళ్ళు లేకపోతే ఈ విభాగమే ఉండేది కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబర్ 6న సమ్మె మొదలైంది. బ్లాక్ స్టూడెంట్ యూనియన్‌తో పాటు ఆసియా, లాటిన్ అమెరికా మూలాలున్న విద్యార్థుల సంఘాలు కలిసి చేసిన సమ్మె అది. 1969 మార్చి దాకా నడిచింది. వాళ్ళు అడిగింది సిలబస్‌లో నాలుగు పుస్తకాలు చేర్చమని మాత్రమే కాదు. తమ పేటల పిల్లలకి కాలేజీలో సీట్లు ఇవ్వాలని, కాలేజీ చదువు ఆ పేటలకి పనికొచ్చేలా ఉండాలని. దాని ఫలితంగానే అక్కడ బ్లాక్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. కోర్నెల్ యూనివర్సిటీలో 1969 ఏప్రిల్‌లో నల్లజాతి విద్యార్థులు విల్లార్డ్ స్ట్రెయిట్ హాల్‌ని ఆక్రమించారు. తల్లిదండ్రులు క్యాంపస్ చూడ్డానికి వచ్చే వారాంతం అది. ఆ ఏడాదే అక్కడ ఆఫ్రికానా స్టడీస్ అండ్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది, జేమ్స్ టర్నర్ మొదటి డైరెక్టర్. ఆఫ్రికానా అనే పేరుని అకడమిక్ లోకంలో నిలబెట్టింది ఆయనే: ఆఫ్రికా, కరీబియన్ దీవులు, రెండు అమెరికాలు, ఎక్కడెక్కడికి ఆ ప్రజలు చేరారో అదంతా ఒకే చదువు కింద. 1970 ఏప్రిల్ 1న ఆ సెంటర్ ఉన్న ఇల్లు తగలబడిపోయింది. మళ్ళీ వేరే చోట మొదలుపెట్టారు.

యేల్‌లో కథ కాస్త వేరు. అక్కడ 1968 మేలో విద్యార్థులే ఒక సదస్సు పెట్టారు. ఈ సబ్జెక్టు యూనివర్సిటీలో ఉండాలా, ఉంటే ఎలా ఉండాలి అని అందరి ముందూ వాదించుకున్నారు. ఆ తర్వాతే ప్రోగ్రామ్ వచ్చింది. అంటే అక్కడ క్లాసు కన్నా ముందు పుట్టింది సభ.

అందుకే ఈ విభాగాల్లో బహిరంగ ఉపన్యాసం, సినిమా, కచేరీ అన్నవి పాఠాలయ్యాక మిగిలిన డబ్బుతో చేసే ముచ్చట్లు కావు. పుట్టినప్పుడు ఇచ్చిన మాటలో భాగం. మీ కార్యక్రమం ఎలా ఉండాలో నిర్ణయించేటప్పుడు ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: కాలేజీకి ఫీజు కట్టని మనిషి దీనికి రాగలడా, వచ్చాక నోరు తెరవగలడా? టైమ్, చోటు, టికెట్, మైకు, భోజనం అన్నీ దీని నుంచే తేలతాయి.

ఇక ఉపన్యాసం. మీరు పబ్లిక్ హెల్త్ చదువుతూ, సబ్జెక్టు తెలీదు అంటున్నారు. మీకు తెలుసు. మీ సబ్జెక్టే మీకు దారి. అలబామాలోని టస్కీగీలో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ళు, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళని వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. మొత్తం దాదాపు 600 మంది, వారిలో 399 మందికి జబ్బు ఉంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికలు బయటపెడితే ఆగింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. మీ ఎథిక్స్ క్లాసులో ఇది ఒక స్లైడుగా వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. ఆఫ్రికానా స్టడీస్‌లో ఇదే కథని ఆ మనుషుల వైపు నుంచి, ఆ కౌంటీ వైపు నుంచి చెప్తారు.

అంతకన్నా వెనక్కి వెళ్తే డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ అనే నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త ఉన్నాడు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి వాళ్ళుండే వార్డులో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి 1899లో పుస్తకం వేశాడు. 1906లో అట్లాంటా నుంచి నల్లజాతి వాళ్ళ ఆరోగ్యం మీద ఒక సంపుటి తెచ్చాడు. వాళ్ళు ఎక్కువగా చనిపోతున్నారంటే అది ఒంట్లో ఉన్న జాతి లోపం కాదనీ, బతుకుతున్న పరిస్థితులే కారణమనీ లెక్కలతో వాదించాడు. ఇప్పుడు మీ ప్రొఫెసర్లు ఆరోగ్యానికి సామాజిక కారణాలు అని చెప్పే పాఠం అదే. కాబట్టి మీ విభాగం, పబ్లిక్ హెల్త్ స్కూలు కలిసి వైద్య చరిత్ర మీద పనిచేసే ఒకరిని పిలవచ్చు. రెండు చోట్ల నుంచీ డబ్బు వస్తుంది, రెండు చోట్ల నుంచీ జనం వస్తారు, పైగా మీరు వక్తకి రాసే ఉత్తరంలో మీకు తెలిసిన విషయం ఉంటుంది. అది వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

డుబాయిస్ పేరెత్తాను కాబట్టి: మీరు ఆయన సొంత ప్రాంతంలోనే ఉన్నారు. ఆయన 1868లో పుట్టిన గ్రేట్ బారింగ్టన్ మీకు పడమర వైపున కొండల్లో ఉంది. ఆయన కాగితాల్లో చాలా భాగం ఆమ్హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి, ఆ లైబ్రరీకి ఆయన పేరే. ఆ కాగితాల్లో అంబేద్కర్ 1946లో ఆయనకి రాసిన ఉత్తరం ఉంది. అమెరికా నల్లజాతి వాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని అంబేద్కర్ అడిగాడు. జూలై 31న డుబాయిస్ జవాబు రాశాడు, భారతదేశపు అంటరానివాళ్ళ పట్ల తనకి సానుభూతి ఉందంటూ. రెండూ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. వెళ్ళి చూడండి. ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండు ఉత్తరాలు పెట్టుకుని ఒక ఉపన్యాసం జరిపించవచ్చు, కులం మీద పనిచేసేవాళ్ళనీ జాతి మీద పనిచేసేవాళ్ళనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి. కానీ మొదటి ఏడాదే వద్దంటాను. మీరు కొత్తగా వచ్చారు. వచ్చీ రాగానే మన కథని వాళ్ళ వేదిక మీదికి తెస్తే, మీకు ఆ ఉద్దేశం లేకపోయినా, అలా కనిపిస్తుంది. మనకీ వాళ్ళకీ ఒకటే కథ అని తొందరపడి అనేవాళ్ళని నేను చాలా సభల్లో చూశాను. హాల్లో సగం మంది మర్యాదగా తల ఊపుతారు, అంతే. మన ఇండియన్లలో ఎక్కువమంది ఈ దేశానికి రాగలిగింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వల్ల. ఆ చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులో. ఆ అప్పు సంగతి గుర్తుపెట్టుకుని ముందు ఒక ఏడాది వింటే చాలు.

మంచి బహిరంగ ఉపన్యాసం ఏం చేయగలదో మీ పక్కనే ఉదాహరణ ఉంది. 1975 ఫిబ్రవరి 18న నైజీరియా రచయిత చినువా అచెబె ఆమ్హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో మాట్లాడాడు. అప్పుడు అక్కడే విజిటింగ్ ప్రొఫెసర్. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లు గొప్ప రచనగా నెత్తిన పెట్టుకున్న జోసెఫ్ కాన్రాడ్ ఆఫ్రికా నవల జాత్యహంకారంతో నిండి ఉందని, ఉదాహరణలు చూపించి మరీ చెప్పాడు. విన్న కొందరికి మింగుడు పడలేదు. రెండేళ్ళ తర్వాత అది వ్యాసంగా అచ్చయింది. ఈనాటికీ ఆ నవల పాఠం చెప్పేవాళ్ళు ఆ వ్యాసాన్ని దాటి వెళ్ళలేరు. అది క్లాసులో జరిగి ఉంటే ముప్ఫై మందికి తెలిసేది.

సరే, పని. వక్తకి కనీసం ఆరు నెలల ముందు రాయండి. మొదటి ఈ-మెయిల్‌లోనే తేదీ, పారితోషికం, ప్రయాణం, బస, ఎంతసేపు మాట్లాడాలి, రికార్డ్ చేస్తారా లేదా, అన్నీ చెప్పేయండి. “మీ పారితోషికం ఎంత?” అని అడిగి ఊరుకుంటే పది ఉత్తరాలు నడుస్తాయి. డబ్బు చాలకపోతే ఇతర విభాగాలని కో-స్పాన్సర్‌షిప్ అడగండి. హిస్టరీ, సోషియాలజీ, మ్యూజిక్, లైబ్రరీ, ఒక్కొక్కరూ రెండు మూడు వందల డాలర్లు ఇస్తారు. బదులుగా పోస్టర్ మీద పేరు వేయాలి. చిన్న మొత్తమని తీసిపారేయకండి, డబ్బిచ్చిన విభాగం తన విద్యార్థులకి కూడా చెప్తుంది. మీ చుట్టూ ఐదు కాలేజీలు ఉన్నాయి: ఆమ్హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్, హ్యాంప్‌షైర్, మసాచుసెట్స్ యూనివర్సిటీ. వాటి మధ్య బస్సులు తిరుగుతాయి. అన్ని చోట్లా ఈ సబ్జెక్టు చెప్పేవాళ్ళున్నారు. ఒకే రోజున రెండు చోట్ల రెండు ఉపన్యాసాలు పెట్టుకుని జనాన్ని పంచుకోకండి, ముందే వాళ్ళ క్యాలెండర్ అడగండి. ఒక చోట మాట్లాడ్డానికి వచ్చిన వక్తని మర్నాడు పొద్దున్న రెండో చోట క్లాసుకి తీసుకెళ్ళవచ్చు, అదనపు పారితోషికం ఇచ్చి. ఉచితంగా “ఒక్క గంట కూర్చోండి” అని అడగడం ఈ రంగంలో మరీ పాత జబ్బు. ముఖ్యంగా నల్లజాతి స్కాలర్లని ఉచిత సేవ అడిగే అలవాటు క్యాంపస్‌లకి ఉంది. మీరు దానిలో చేరకండి.

విదేశం నుంచి వచ్చే వక్త అయితే ఇంకో లెక్క. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి అకడమిక్ పనికి పారితోషికం ఇవ్వవచ్చు గానీ, ఒక సంస్థలో తొమ్మిది రోజులు మించకూడదు, ఆరు నెలల్లో ఐదు సంస్థలకి మించి తీసుకుని ఉండకూడదు. పన్ను కింద 30 శాతం పట్టుకుంటారు, రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే తప్ప. ఇది ముందు చెప్పకపోతే చెక్కు చూసుకున్నాక మనసు కష్టపెట్టుకుంటారు. మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో, పేరోల్‌తో మొదటే మాట్లాడండి. అమెరికాలో ఉండే వక్తకైనా డబ్బు చెల్లించడానికి ముందు వెండర్‌గా నమోదు చేయాలి, దానికే వారాలు పడుతుంది. ఆ ఫారాలు ఒప్పుకున్న రోజే పంపండి.

టైమ్ విషయంలో ప్రొఫెసర్లతో మీకు పేచీ వస్తుంది. వాళ్ళకి సాయంత్రం నాలుగున్నర ఇష్టం, అప్పటికి క్లాసులు అయిపోతాయి, ఇంటికి వెళ్ళిపోవచ్చు. నాలుగున్నరకి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నర్సు డ్యూటీ దిగి ఎవరు వస్తారు? స్ప్రింగ్‌ఫీల్డ్, హోల్యోక్ ఊళ్ళలో నల్లజాతి, కరీబియన్, ఆఫ్రికన్ కుటుంబాలున్నాయి. వాళ్ళు రావాలంటే ఏడు గంటలకి పెట్టాలి, పార్కింగ్ ఎక్కడో పోస్టర్ మీదే రాయాలి, హాలు బయటివాళ్ళకి దొరికేదై ఉండాలి. పోస్టర్ క్యాంపస్ గోడల మీద వేసి ఊరుకోకండి. చర్చిలకి, పబ్లిక్ లైబ్రరీకి, జుట్టు అల్లే సెలూన్లకి, ఆఫ్రికన్ సరుకుల షాపులకి మీరే వెళ్ళి ఇచ్చి రండి. ఈ-మెయిల్ లిస్టుకి పెట్టిన మెసేజ్ కన్నా, షాపులో ఆవిడతో మాట్లాడిన ఐదు నిమిషాలు ఎక్కువ మందిని తెస్తాయి.

ప్రశ్నల సమయంలో మొదటి మైకు ప్రొఫెసర్‌కి ఇవ్వకండి. ఆయన లేచి ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం ఇస్తాడు, తర్వాత పిల్లలెవరూ చెయ్యి ఎత్తరు. మైకు పట్టుకుని తిరిగేది మీరే కాబట్టి ఆ అధికారం మీ చేతిలో ఉంది. వెనక వరసలో కూర్చున్న ఊళ్ళో మనిషి దగ్గరికి ముందు నడవండి. అన్నట్టు, మీరు చదివిన ‘ఏడు తరాలు’ సహవాసి గారి పుణ్యమా అని తెలుగులో ఎంతోమందిని కదిలించింది, అది మంచి మొదలే. కానీ వక్తని కారులో తీసుకొస్తూ మొదటి ప్రశ్న అలెక్స్ హేలీ గురించి అడగకండి. వాళ్ళ పుస్తకంలో ఒక్క అధ్యాయమైనా చదివి దాని గురించి అడగండి.

సినిమాకి వద్దాం. ఇక్కడ అందరూ బోల్తా పడేది హక్కుల దగ్గర. లైబ్రరీలో డీవీడీ ఉంది కదా, నాకు స్ట్రీమింగ్ అకౌంట్ ఉంది కదా అని హాల్లో వేసేస్తారు. రిజిస్టరైన క్లాసులో, టీచర్ సమక్షంలో, పాఠంలో భాగంగా చూపిస్తే అమెరికా కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. పోస్టర్ వేసి ఊరందరినీ పిలిస్తే అది బహిరంగ ప్రదర్శన, దానికి వేరే లైసెన్సు కొనాలి. టికెట్ లేకపోయినా సరే. పెద్ద స్టూడియో సినిమాలకి స్వాంక్ లాంటి సంస్థలున్నాయి. ఆఫ్రికన్ సినిమాలకి కాలిఫోర్నియా న్యూస్‌రీల్, కీనో లోర్బర్ లాంటి పంపిణీదారుల్ని అడగాలి. సాధారణంగా కొన్ని వందల డాలర్లలో అయిపోతుంది. కొన్నిసార్లు లైబ్రరీ కొన్న కాపీతోనే ప్రదర్శన హక్కు కూడా వచ్చి ఉంటుంది, మీ లైబ్రేరియన్‌ని అడగండి. ఈ ఊళ్ళో మీకు అవసరమైన మొదటి స్నేహం ఆ లైబ్రేరియన్.

ఏ సినిమా? నేనైతే ఉస్మాన్ సెంబేన్‌తో మొదలుపెడతాను. సెనెగల్ మనిషి, ఫ్రాన్స్‌లో మార్సెయ్ రేవులో హమాలీగా పనిచేసి, నవలలు రాశాడు. తన దేశంలో ఎక్కువమందికి ఫ్రెంచ్ చదవడం రాదని, తన నవలలు తనవాళ్ళకే చేరడం లేదని సినిమాకి మళ్ళాడు. సినిమాని రాత్రిబడి అనేవాడు. 1966లో తీసిన ‘బ్లాక్ గర్ల్’ దాదాపు గంట మాత్రమే ఉంటుంది: డకార్ నుంచి ఒక ఫ్రెంచ్ కుటుంబం దగ్గర పనికి ఫ్రాన్స్ వెళ్ళిన పిల్ల కథ. గంట సినిమా, గంట చర్చ. బహిరంగ ప్రదర్శనకి ఇంతకంటే మంచి అమరిక దొరకదు. పైగా పనిమనుషుల్ని పెట్టుకునే దేశం నుంచి వచ్చిన మనకి ఆ సినిమాలో యజమానురాలు ఎక్కడో తగులుతుంది. మిమ్మల్ని సిద్ధం చేయడానికి చెప్తున్నాను.

మీ పబ్లిక్ హెల్త్ వాళ్ళు ఆయన 2004 సినిమా ‘మూలాదే’ అడగవచ్చు. ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారానికి ఎదురు తిరిగిన పల్లె ఆడవాళ్ళ కథ. గొప్ప సినిమా. రెండు గంటలుంటుంది, చర్చకి టైమ్ తక్కువ మిగులుతుంది, ముందే కంటెంట్ హెచ్చరిక రాయాలి. నా భయం వేరే. ఏడాదికి ఒకే ఒక్క ఆఫ్రికన్ సినిమా చూపించే క్యాంపస్‌లో అది ఇదే అయితే, ఆఫ్రికా అంటే సమస్య అని ముందే అనుకున్నవాళ్ళు అదే పట్టుకుని ఇంటికి పోతారు. సినిమాలో ఆచారాన్ని ఎదిరించేది బయటి నుంచి వచ్చిన డాక్టర్లు కాదు, ఆ ఊరి ఆడవాళ్ళే. చర్చ నడిపేవాళ్ళు ఆ సంగతి గట్టిగా పట్టుకోగలిగితేనే పెట్టండి.

అమెరికా వైపు నుంచి కావాలంటే 1970లలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో చదివిన నల్లజాతి దర్శకుల గుంపుని చూడండి. చార్ల్స్ బర్నెట్ విద్యార్థిగా తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ పాటల హక్కులు తేలక దాదాపు ముప్ఫై ఏళ్ళు థియేటర్ ముఖం చూడలేదు, 2007లో విడుదలైంది. హక్కుల గురించి నేను ఎందుకు విసిగిస్తున్నానో దీన్నిబట్టి అర్థమవుతుంది. జూలీ డాష్ 1991లో తీసిన ‘డాటర్స్ ఆఫ్ ది డస్ట్’ అమెరికా నల్లజాతి మహిళ తీసినవాటిలో ఆ దేశపు థియేటర్లలో మామూలుగా విడుదలైన మొదటి పూర్తి నిడివి సినిమా. హైలే గెరీమా ఇథియోపియా నుంచి వచ్చి వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాడు. బానిసత్వం మీద తన ‘సంకోఫా’ని 1993లో పంపిణీదారులెవరూ ముట్టుకోకపోతే తనే థియేటర్లు అద్దెకి తీసుకుని, ఊరూరా నల్లజాతి సంఘాల సాయంతో ఆడించాడు.

ప్రదర్శన రోజు ఒక గంట ముందు వెళ్ళి అదే గదిలో, అదే ప్రొజెక్టర్ మీద, అదే కాపీ పది నిమిషాలు వేసి చూడండి. సబ్‌టైటిల్స్ తెర కింద తెగిపోతున్నాయా, వెనక వరసకి కనిపిస్తున్నాయా, సౌండ్ రెండు వైపులా వస్తోందా. లైట్లు ఎక్కడ ఆర్పాలో కూడా తెలుసుకోండి, ప్రతి హాలుకీ ఒక రహస్య స్విచ్ ఉంటుంది.

కచేరీ అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చేది కూడా అదే. ఇది విభాగానికి అలంకారం కదా అని ఎవరైనా అంటే వాళ్ళకి ఫిస్క్ యూనివర్సిటీ కథ చెప్పండి. అంతర్యుద్ధం అయ్యాక, బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళ కోసం టెనెసీలోని నాష్‌విల్‌లో పెట్టిన బడి అది. మూసేసే పరిస్థితి వస్తే 1871లో విద్యార్థులు కొందరు జట్టుగా పాడుతూ ఊళ్ళు తిరిగారు. తాతముత్తాతలు పొలాల్లో పాడుకున్న భక్తి పాటలు వేదికల మీద పాడారు. ఇంగ్లండ్ దాకా వెళ్ళారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది. కచేరీలు ఒక కాలేజీని నిలబెట్టాయి. తర్వాతి కాలంలో బెర్నీస్ జాన్సన్ రీగన్ని చూడండి. పౌరహక్కుల ఉద్యమంలో ఫ్రీడమ్ సింగర్స్‌తో పాడి, జైలుకి వెళ్ళి, 1973లో స్వీట్ హనీ ఇన్ ద రాక్ అనే మహిళల బృందం పెట్టి, 1975లో హోవర్డ్‌లో చరిత్రలో డాక్టరేట్ చేసింది. ఆవిడ మాట్లాడుతూ మధ్యలో పాడేది, పాడుతూ చరిత్ర చెప్పేది. మీ పొరుగునే మసాచుసెట్స్ యూనివర్సిటీలో డ్రమ్స్ వాయించే మాక్స్ రోచ్, శాక్సోఫోన్ వాయించే ఆర్చీ షెప్ ఏళ్ళ తరబడి ప్రొఫెసర్లుగా ఉన్నారు. ఈ సంప్రదాయంలో సంగీతకారుడిని పాఠం అయ్యాక వినోదానికి పిలవరు, పాఠం చెప్పడానికే పిలుస్తారు. అందుకని కాంట్రాక్టులో కచేరీతో పాటు పగలు ఒక వర్క్‌షాప్ కూడా రాయండి, కుదిరితే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏదైనా హైస్కూల్లో. దానికీ డబ్బు లెక్కగట్టండి.

బృందాన్ని ఎంచుకునేటప్పుడు విదేశం వైపు చూడకండి, మొదటి ఏడాదికి. ఆఫ్రికా దేశం నుంచి బృందాన్ని రప్పించాలంటే కళాకారుల వీసా కావాలి, పిటిషన్ వేయాలి, నెలలు పడుతుంది, చివరి వారంలో ఒకరికి వీసా రాకపోయినా కార్యక్రమం కూలుతుంది. న్యూయార్క్, బోస్టన్‌లలో పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన కోరా అనే తీగల వాయిద్యం వాయించే గొప్ప కళాకారులు, డ్రమ్మర్లు ఉన్నారు. లేదా అప్పటికే అమెరికాలో టూర్‌లో ఉన్న బృందం రెండు ఊళ్ళ మధ్య ఖాళీగా ఉండే మంగళ, బుధవారాలు పట్టుకోండి. శని ఆదివారాల కన్నా తక్కువకే ఒప్పుకుంటారు. బృందం ఒక టెక్నికల్ రైడర్ పంపుతుంది: ఎన్ని మైకులు, ఏ యాంప్లిఫయర్, ఎలాంటి డ్రమ్ సెట్. దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి, హాలు టెక్నీషియన్‌కి చూపించండి. పాటల హక్కులకి కాలేజీలు సాధారణంగా అస్కాప్, బీఎంఐ అనే పాటల హక్కుల సంస్థలకి ఏడాది లైసెన్సు కట్టి ఉంటాయి, మీది కట్టిందో లేదో కనుక్కోండి.

ముందు వరసల కుర్చీలు తీసేయించండి. పశ్చిమ ఆఫ్రికా డ్రమ్ములు మోగుతుంటే జనం లేస్తారు. కుర్చీలు బిగించిన ఆడిటోరియంలో ఎక్కడ నిలబడాలో తెలియక ఇబ్బందిగా చప్పట్లు కొడతారు. వీలైతే ఊళ్ళోని చర్చి గాయక బృందంతో మొదటి అరగంట పాడించండి. వాళ్ళ కుటుంబాలన్నీ వస్తాయి, హాలు సగం అక్కడే నిండుతుంది. వాళ్ళకీ పారితోషికం ఇవ్వాలి, “ఎక్స్‌పోజర్” అని చెప్పి తప్పించుకోకూడదు.

భోజనం గురించి ఒక్క మాట. కాలేజీ క్యాటరింగ్ వాళ్ళు చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్ళు పెడతారు. చాలా చోట్ల బయటి భోజనం తేవాలంటే అనుమతి ఉండాలి. ఆ అనుమతి కోసం పోరాడండి. జమైకన్ హోటల్ నుంచో నైజీరియన్ హోటల్ నుంచో తెప్పించండి. జొలోఫ్ రైస్ ఘనావాళ్ళదా నైజీరియావాళ్ళదా బాగుండేది అన్న గొడవ మన బిర్యానీ గొడవ లాంటిదే. ఆ గొడవ మొదలైతే కొత్తవాళ్ళందరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారన్నమాట.

మీది నల్గొండ అన్నారు కాబట్టి రెండో ఏడాదికి ఒక ఆలోచన కూడా చెప్తాను. హైదరాబాద్‌లో నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉండేవాళ్ళు. వాళ్ళున్న పేట ఈనాటికీ మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ పేరుతోనే ఉంది, వాళ్ళ సంతతి సిద్దీలు ఇంకా అక్కడ ఉన్నారు. పెళ్ళి బారాత్‌లో మీరు విని ఉండే మర్ఫా వాయిద్యం సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు నిలబెట్టిందే. న్యూయార్క్‌లో నల్లజాతి చరిత్ర, సంస్కృతుల పరిశోధన గ్రంథాలయమైన షాంబర్గ్ సెంటర్ 2013లో భారతదేశంలోని ఆఫ్రికన్ల చరిత్ర మీద ఎగ్జిబిషన్ పెట్టింది. అంటే ఇది ఆఫ్రికానా స్టడీస్‌కి బయటి విషయం కాదు, అందులోనిదే. మన గొప్ప చెప్పుకోవడానికి కాకుండా, ఆ సముదాయం ఎలా వచ్చింది, ఇప్పుడెలా ఉంది అని అడిగే ఉపన్యాసం, దానితో పాటు మర్ఫా రికార్డింగులు. ఆ ప్రతిపాదన మీ విభాగంలో ఇంకెవరూ తేలేరు.

ఎవరూ రాకపోతే అన్న భయం ఉంటే చిన్న గది తీసుకోండి. నలభై కుర్చీల గదిలో ముప్ఫై ఐదు మంది ఉంటే సభ నిండుగా ఉంటుంది. అదే ముప్ఫై ఐదు మంది మూడొందల సీట్ల హాల్లో చెల్లాచెదురుగా కూర్చుంటే వక్త గొంతే మారిపోతుంది. కచేరీకి మాత్రం పెద్ద హాలే కావాలి, అది సెమిస్టర్ మొదలవ్వక ముందే మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ క్యాలెండర్‌లో అయిపోతుంది. కాబట్టి ఈ వారం చేయాల్సిన మొదటి పని ఏప్రిల్ హాలు బుకింగ్, రెండోది లైబ్రేరియన్‌ని కలవడం. వక్తకి రాసే ఉత్తరం చిత్తు ప్రతి తయారైతే, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.